పురందర్ నుంచి ఆమేర్ దాకా: మీర్జా రాజా ఇంటిదారి

శ్రీశైలంలో శివాజీ స్ఫూర్తి కేంద్రం చూసి మెట్లు దిగుతుంటే మా మేనల్లుడు ఉన్నట్టుండి అడిగాడు. "మామయ్యా, ఇంత పెద్ద శివాజీ ఒకాయన డేరాకి తానే నడిచి వెళ్లి ఇరవై మూడు కోటలు ఇచ్చేశాడంట కదా. ఎవరాయన?"

"జైసింగ్. జైపూర్ దగ్గరి ఆమేర్‌కి రాజు. ఔరంగజేబు సేనాపతి," అన్నాను.

"జంతర్ మంతర్ కట్టించినాయనా?"

కాదు. జంతర్ మంతర్ కట్టించింది సవాయి జైసింగ్. ఈయన సవాయి జైసింగ్ ముత్తాతకి తండ్రి. షాజహాన్ ఇచ్చిన 'మీర్జా రాజా' బిరుదుతోనే చరిత్రలో నిలిచాడు. 1611లో పుట్టాడు, పదేళ్ల వయసులో గద్దెనెక్కాడు, జహంగీర్, షాజహాన్, ఔరంగజేబు ముగ్గురి దగ్గరా పనిచేశాడు. హిందూకుష్ కొండలు దాటి బల్ఖ్ వెళ్లాడు, కాందహార్ వెళ్లాడు, చివరికి దక్కన్ వచ్చాడు. 1667లో పాదుషా వెనక్కి రమ్మంటే ఉత్తరాదికి బయల్దేరి, దారిలో బుర్హాన్‌పూర్‌లో చనిపోయాడు. ఇల్లు చేరలేదు.

మావాడికి శివాజీ అంటే ప్రాణం. జైసింగ్ మాట ఎత్తితే వాడి మొహం మారిపోతుంది. నాకు మాత్రం ఆ రోజు నుంచీ ఒక కోరిక పట్టుకుంది. పురందర్‌లో మొదలుపెట్టి బుర్హాన్‌పూర్, ఆగ్రా మీదుగా ఆమేర్ దాకా, ఆయన పూర్తి చేయలేకపోయిన దారిలో ఒక్కసారి వెళ్లి రావాలని. డిగ్రీ పరీక్షలు అయిపోయాక మావాణ్ణి కూడా తీసుకుని సెప్టెంబర్‌లో బయల్దేరాను.

మొదటి రోజు, పురందర్

సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కి పొద్దున పుణెలో దిగాం. అక్కడి నుంచి కారులో దివే ఘాట్ ఎక్కి, సాస్వడ్ దాటి, నారాయణ్‌పూర్‌లో టీ తాగి కొండెక్కాం. కోట సైన్యం అధీనంలో ఉంది. గేటు దగ్గర కార్డులు చూసి, పేర్లు రాసుకుని పంపారు.

కొండంతా మంచు. పది అడుగుల అవతల ఏముందో కనిపించదు. ఆ తెల్లదనంలోంచి రెండు చేతుల్లో కత్తులతో మురార్‌బాజీ విగ్రహం ఒక్కసారిగా బయటపడింది. మావాడు చెప్పులు విడిచి దండం పెట్టాడు. 1665లో ఈ కోటని కాపాడుతూ, కొన్ని వందల మందితో గేటు తీసుకుని శత్రువు మీద పడి చనిపోయిన వీరుడు మురార్‌బాజీ దేశ్‌పాండే. ఆ ధైర్యం చూసి మొగల్ సర్దారు దిలేర్ ఖాన్ ప్రాణం నిలుపుతాను, కొలువిస్తాను అన్నాడట. మురార్‌బాజీ ఒప్పుకోలేదు.

మధ్యాహ్నానికి మంచు కాస్త విడింది. అప్పుడు అర్థమైంది, జైసింగ్ ఎక్కడ గెలిచాడో. పురందర్ పక్కనే, చిన్న కనుమ అవతల వజ్రగఢ్ ఉంది. పురందర్ కంటే చిన్నది. కానీ అక్కడ ఫిరంగి పెడితే పురందర్ దిగువ కోట మొత్తం దాని నోటి ముందు ఉంటుంది. జైసింగ్ పెద్ద కోటని వదిలి ముందు చిన్నదాన్ని పట్టుకున్నాడు. మూడు పెద్ద ఫిరంగుల్ని ఆ నిట్టనిలువు కొండ మీదికి రోజుల తరబడి లాగించాడు. మేం ఒట్టి చేతులతో ఎక్కడానికే ఆయాసపడ్డాం. ఏప్రిల్ 14న వజ్రగఢ్ లొంగింది. లోపలివాళ్లని ఆయన చంపించలేదు. ఆయుధాలు తీసుకుని, నాయకులకి బట్టలు పెట్టి ఇళ్లకి పంపేశాడు. పురందర్‌లో ఉన్నవాళ్లు అది చూడాలని, లొంగితే ప్రాణం దక్కుతుందని వాళ్లకి నమ్మకం కలగాలని.

"తెలివైనవాడే," అన్నాడు మావాడు ఇష్టం లేకుండానే.

జూన్ 11న శివాజీ పల్లకీలో, వెంట కొద్దిమంది బ్రాహ్మణులతో, ఈ కొండ కింది డేరాకి వచ్చాడు. ఆయన వచ్చే సమయానికే కోట మీద దాడి జరగాలని జైసింగ్ ముందే ఏర్పాటు చేశాడు. డేరాలో కూర్చుంటే ఎదురుగా కొండ మీద తన మనుషులు పడిపోవడం శివాజీకి కనిపించింది. కోట ఇచ్చేస్తాను, ఆపించమన్నాడు. ఒప్పందం అయ్యేసరికి ఏటా నాలుగు లక్షల హొన్నుల (బంగారు నాణేల) రాబడి ఉన్న 23 కోటలు మొగలులకి, లక్ష హొన్నుల రాబడి ఉన్న 12 కోటలు శివాజీకి. కొడుకు శంభాజీకి అయిదు వేల మన్సబు, అంటే మొగల్ కొలువులో హోదా. ఆ శంభాజీ పుట్టింది కూడా ఈ పురందర్ కోటలోనే, 1657లో. కొడుకు పుట్టిన కోటని ఇచ్చేయడమంటే ఎలా ఉండి ఉంటుందో అనుకుంటూ చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

మనుచ్చి అనే వెనిస్ దేశస్థుడు అప్పుడు జైసింగ్ ఫిరంగుల దగ్గర పనిచేసేవాడు. రాత్రిళ్లు రాజుకి తమ దేశపు పేకాట నేర్పేవాణ్ణని, అలా ఆడుతుండగానే శివాజీ డేరాలోకి వచ్చాడని రాసుకున్నాడు. నాకు ఆ దృశ్యం బాగా పట్టుకుంది. ఊరు వదిలి వేల మైళ్లు తిరిగి తిరిగి వచ్చిన యాభై నాలుగేళ్ల మనిషి, దీపం వెలుగులో పరదేశి దగ్గర కొత్త ఆట నేర్చుకుంటున్నాడు. నాకిప్పుడు అదే వయసు.

రెండో రోజు, రైలు

పుణె నుంచి ఉత్తరాదికి వెళ్లే రైలు. మన్మాడ్ దాటేదాకా వాన.

పురందర్ తర్వాత జైసింగ్‌కి మంచి రోజులు లేవు. 1665 చివర బీజాపూర్ మీదికి వెళ్లాడు. త్వరగా కొట్టేయాలన్న తొందరలో కోట గోడలు పగలగొట్టే పెద్ద ఫిరంగుల్ని వెనకే వదిలేశాడు. అవతల బీజాపూర్ సుల్తాను ఆదిల్‌షా ఊరి చుట్టూ చెట్లు నరికించి, బావులు పూడ్పించాడు. నీళ్లు లేవు, మేత లేదు. మన గోల్కొండ నుంచి అబ్దుల్లా కుతుబ్ షా కూడా బీజాపూర్‌కి సాయంగా సైన్యం పంపాడు. జనవరిలో జైసింగ్ వెనక్కి తిరిగాడు. సొంత ఖజానా డబ్బు కూడా ఆ యుద్ధంలో పోసేశాడు, పాదుషా దాన్ని తిరిగి ఇవ్వలేదు.

ఆ ఓటమి నడుస్తుండగానే ఆయన శివాజీని ఆగ్రా పంపించాడు. దక్కన్‌లో శివాజీ ఉంటే బీజాపూర్‌తో చేతులు కలుపుతాడని భయం. "నీ ప్రాణానికి నాదీ పూచీ, అక్కడ నా కొడుకు రామ్‌సింగ్ ఉన్నాడు" అని మాటిచ్చి పంపాడు. నాకు సంబంధించినంతవరకు ఈ మనిషి కథ అంతా ఆ పూచీలోనే ఉంది.

మూడో రోజు, బుర్హాన్‌పూర్

తాపీ నది ఒడ్డున ఉన్న ఊరు. దక్కన్‌కి వాకిలి అని మొగలులు దీన్నే అనేవారు. దక్షిణాదికి వచ్చిన ప్రతి సైన్యం ఇక్కడ ఆగింది. ఇప్పుడు వీధుల్లో మరమగ్గాల చప్పుడు, సందు చివర్న మావా జిలేబీ కళాయిలు. పొద్దున్నే వేడి వేడిగా రెండేసి తిన్నాం. పాలకోవాతో చేస్తారు కాబట్టి నల్లగా, మెత్తగా ఉంటుంది. మన జిలేబీలాగా కరకరలాడదు. ఒకటి తింటే చాలు, రెండోది నేను తినకూడదు, అయినా తిన్నాను.

ముందు షాహీ కిలాకి వెళ్లాం. నది మీదికి వాలినట్టున్న గోడలు, లోపల హమామ్. పైకప్పు మీద రంగుల పువ్వులు ఇంకా అక్కడక్కడా కనిపిస్తున్నాయి. 1631 జూన్‌లో ముంతాజ్ మహల్ ఈ ఊళ్లోనే కాన్పులో చనిపోయింది. నది అవతల జైనాబాద్‌లోని ఆహూఖానా తోటలో ముందు ఆమెని ఖననం చేశారు. ఆ ఏడాది డిసెంబర్‌లో ఆగ్రాకి తీసుకెళ్లారు.

అక్కడి నుంచి రాజా కీ ఛత్రీకి, అంటే రాజు స్మారక మండపానికి బయల్దేరాం. ఆటో అతనికి ఎంత చెప్పినా అర్థం కాక ఇంకో సమాధి దగ్గర దింపాడు. ఎండ మండిపోతోంది. మళ్లీ ఇంకో ఆటో పట్టుకుని, అడుగుతూ అడుగుతూ, అరటి తోటల మధ్య నుంచి వెళ్లాం. తాపీ, మోహనా నదులు కలిసే దగ్గర, ఊరికి దూరంగా, రాతి స్తంభాల మీద గుమ్మటాలతో తెరిచిన మండపం. మీర్జా రాజా జైసింగ్‌ని దహనం చేసిన చోటు. మేం ఉన్నంతసేపూ మూడో మనిషి రాలేదు. రెండు మేకలు నీడలో పడుకుని ఉన్నాయి.

రాజస్థాన్‌లో కనిపించే ఛత్రీలాంటిదే ఇది. కానీ చుట్టూ ఉన్నది రాజస్థాన్ కాదు. నల్లరేగడి నేల, అరటి ఆకులు, తాపీ నీళ్లు. ఎవరో ఆయన ఊరి ముక్కని తెచ్చి ఇక్కడ పెట్టినట్టుంది.

స్తంభానికి ఆనుకుని కూర్చుని ఆమేర్ రాజుల ఇంటివాళ్ల పేర్లు ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాను. అక్బర్ సేనాపతి మాన్‌సింగ్, జైసింగ్ ముత్తాత. 1614లో బేరార్‌లోని ఎలిచ్‌పూర్‌లో చనిపోయాడు. జైసింగ్ తండ్రి మహాసింగ్. 1617లో బేరార్‌లోనే బాలాపూర్‌లో పోయాడు. మాన్‌సింగ్ తర్వాత గద్దెనెక్కిన ఆయన కొడుకు భావ్‌సింగ్ 1621లో దక్కన్‌లోనే పోయాడు. తర్వాత గద్దెనెక్కింది పదేళ్ల జైసింగ్. ఆయన కూడా ఇదిగో ఇక్కడ. ఆ ఇంట్లో మగవాళ్లు మన దక్కన్‌కి వచ్చి తిరిగి వెళ్లలేదు. అదీ ఎవరి కోసం? ఆమేర్‌కి దక్కన్‌లో గజం నేల అక్కర్లేదు.

చావు గురించి రెండు మాటలున్నాయి. యాభై ఆరేళ్ల మనిషి, ఓటమి, అవమానం, అప్పులు, వానాకాలపు ప్రయాణం, అందుకే పోయాడని ఒకటి. పాదుషా కనుసన్నల్లో ఎవరో విషం పెట్టారని ఇంకొకటి. ఈ రెండో మాటకి గట్టి రుజువు లేదు. కానీ ఆ అనుమానం ఆనాడే పుట్టిందంటే, యజమానికీ సేనాపతికీ మధ్య నమ్మకం ఎంత మిగిలిందో జనానికి తెలుసన్నమాట.

మావాడు పొద్దున హోటల్‌లోనే చెప్పాడు, "నేను ఫొటోలు తీయను మామయ్యా, నాకు ఆయన మీద గౌరవం లేదు" అని. నేను బలవంతం చేయలేదు. వెళ్లేముందు నీళ్లు ముట్టుకుందామని నది వైపు వెళ్లి తిరిగి చూస్తే, వాడు ఫోన్ ఎత్తి పట్టుకుని ఛత్రీ చుట్టూ తిరుగుతున్నాడు. నన్ను చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నేనేమీ అడగలేదు.

నాలుగో రోజు

ఖండ్వా, ఇటార్సీ, భోపాల్, ఝాన్సీ. రైలు ఆలస్యం. నిద్ర.

అయిదో రోజు, ఆగ్రా

తాజ్ మహల్‌ని ఇది మూడోసారి చూడటం. ఈసారి పాలరాయి వైపు కాకుండా కింద నేల వైపు చూశాను. ఈ స్థలం రాజా మాన్‌సింగ్ హవేలీది. షాజహాన్ కాలానికి అది జైసింగ్‌కి వచ్చింది. ఊరికే ఇస్తానన్నాడు జైసింగ్, పాదుషా మాత్రం బదులుగా ఆగ్రాలోనే నాలుగు హవేలీలు ఇచ్చాడు. 1633 నాటి ఫర్మానా, అంటే పాదుషా ఆజ్ఞాపత్రం ఉంది. మక్రానా గనుల నుంచి పాలరాయి తేవడానికి బండ్లు కావాలని, రాళ్లు కొట్టేవాళ్లని ఆపకుండా పంపమని కూడా జైసింగ్‌కే ఫర్మానాలు వెళ్లాయి.

ఇది మావాడికి చెప్తే కాసేపు ఆలోచించాడు. "అంటే ముంతాజ్ బుర్హాన్‌పూర్‌లో పోయి ఇక్కడికి వచ్చింది. ఈ నేల ఆయనది. ఆయనేమో బుర్హాన్‌పూర్‌లో పోయి అక్కడే ఉండిపోయాడు." నేను పుస్తకాల్లో ఇన్నిసార్లు చదివినా నాకు ఇలా తట్టలేదు.

మధ్యాహ్నం కోట. అమర్‌సింగ్ గేటు ఎదుట గుర్రం మీద శివాజీ విగ్రహం ఉంది. లోపల దివాన్-ఎ-ఖాస్ ముందు నిలబడ్డాం. 1666 మే 12. చాంద్రమానం ప్రకారం ఔరంగజేబుకి యాభయ్యో పుట్టినరోజు పండగ. కానుకలు సమర్పించిన శివాజీని అయిదు వేల మన్సబుదార్ల వరసలో నిలబెట్టారు. అదే మన్సబు ఆయన తొమ్మిదేళ్ల కొడుక్కి ఇదివరకే ఇచ్చారు. శివాజీ మండిపడ్డాడు, పాదుషాకి వీపు చూపించి వచ్చేశాడు. ఆ తర్వాత బస చుట్టూ కాపలా.

ఇక్కడ రామ్‌సింగ్ గురించి చెప్పాలి. తండ్రి ఇచ్చిన మాట కొడుకు మెడకి చుట్టుకుంది. శివాజీ పారిపోతే నాదే బాధ్యత అని పత్రం రాసిచ్చాడు. దక్కన్ నుంచి జైసింగ్ కూడా శివాజీకి హాని చేయొద్దని, తన మాట పోతుందని రాస్తూనే ఉన్నాడు. ఆగస్టులో శివాజీ తప్పించుకున్నాడు. రామ్‌సింగ్‌ని దర్బారుకి రావద్దన్నారు. తర్వాత అస్సాం యుద్ధానికి పంపారు. 1671లో బ్రహ్మపుత్ర మీద సరాయ్‌ఘాట్ దగ్గర అహోం సేనాపతి లచిత్ బర్‌ఫుకన్ చేతిలో ఓడిపోయి తిరిగొచ్చాడు.

"తండ్రి మంచివాడే అంటావు కదా మామయ్యా," అన్నాడు మావాడు.

అనను. అక్కడే కోట మెట్ల మీద కూర్చుని వాడికి ఇంకో ఉత్తరం గురించి చెప్పాను. శివాజీ తప్పించుకున్నాక జైసింగ్ వజీరుకి రాసింది. తన కొడుక్కి శివాజీ కూతుర్ని చేసుకుంటానని ఎర వేసి, శివాజీని మళ్లీ రప్పించి పని ముగించొచ్చని అందులో ఉంది. శివాజీ కులం తక్కువనీ, వాళ్లు ముట్టుకున్నది మేం తినమనీ కూడా ఉంది. ప్రాణానికి పూచీ పడిన మనిషే ఏడాది తిరక్కుండా ఇలా రాశాడు. నిలబెట్టుకోవాలనుకున్న మాటా ఆయనదే, ఈ ఉత్తరమూ ఆయనదే. యజమాని అనుమానం మీద పడకుండా ఉండటానికి ఎంత దాకా దిగాలో అంత దాకా దిగాడు. అది చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది, కానీ దాచి చెప్పలేను.

ఆరో రోజు

ఆగ్రా నుంచి జైపూర్‌కి బస్సు. దారిలో దౌసా వచ్చింది. తండ్రి పోయాక తల్లి జైసింగ్‌ని పెంచింది ఇక్కడే. కిటికీలోంచి కొండ మీద కోట గోడ కనిపించి దాటిపోయింది.

ఏడో రోజు, ఆమేర్

పొద్దున ఎనిమిదికల్లా కోట దగ్గరున్నాం. మావఠా చెరువులో వానాకాలపు నీళ్లు నిండుగా ఉన్నాయి. మాన్‌సింగ్ బెంగాల్ నుంచి తెచ్చిన శిలాదేవికి దండం పెట్టుకుని పైకి ఎక్కాం.

ఈ కోటలో అందరూ ఫొటో దిగే గణేశ్ పోల్, అద్దాల మేడ, రెండూ మీర్జా రాజా కట్టించినవే. మొదట్లో మాన్‌సింగ్ కట్టింది వెనకాల ఉంది, కోటలాగా, చీకటి గదులతో. మునిమనవడి భాగం మాత్రం వేరు. పాలరాయి, రంగులు, నీళ్లు పారే కాలువలు, చల్లటి గాలి కోసం సుఖ్ నివాస్. ఒక దీపం వెలిగిస్తే వెయ్యి దీపాలయ్యే అద్దాలు. ఇంత ఇష్టంగా ఇల్లు కట్టుకున్న మనిషి ఇందులో ఎన్ని రోజులు ఉన్నాడో లెక్కేయాలనిపించింది. బల్ఖ్, కాందహార్, దక్కన్ తీసేస్తే మిగిలేది తక్కువే.

ఈ కోటలోనే ఉండేవాడు బిహారీ లాల్ అనే కవి. కొత్త పెళ్లికూతురి మోజులో పడి రాజు దర్బారు మర్చిపోతే, ఆ కవి ఒక దోహా, అంటే రెండు పాదాల పద్యం రాసి పంపాడట. పుప్పొడి లేదు, తేనె లేదు, ఇంకా విచ్చుకోని మొగ్గకే తుమ్మెద చిక్కుకుంటే ముందు ముందు ఏం గతి అని. రాజు బయటికొచ్చాడు. దోహాకి ఒక బంగారు మొహరు ఇచ్చేవాడని చెప్పుకుంటారు. ఆ కవిదే ఇంకో దోహా ఉంది, అది కూడా ఈ రాజుకి చెప్పిందే అంటారు. ఓ డేగా, ఆలోచించు. ఇందులో నీకు లాభం లేదు, పుణ్యం లేదు, శ్రమ దండగ. పరాయివాడి చేతి మీద కూర్చుని నీ తోటి పక్షుల్ని చంపకు.

సుఖ్ నివాస్ నీడలో మావాడికి ఇది చెప్పాను. "ఆయన విన్నాడా?" అన్నాడు.

"కవిని మాత్రం పంపేయలేదు."

గణేశ్ పోల్ పై అంతస్తులో సుహాగ్ మందిర్ ఉంది. రాణులు జాలీల వెనక నిలబడి కింద సభా ప్రాంగణం చూసేవాళ్లు. రాజు గెలిచి వస్తే ఈ జాలీల్లోంచే చూసి ఉంటారు. నేను ఒక రంధ్రానికి కన్ను ఆనించాను. కింద జనం, సెల్ఫీలు, ఎండ. అవతల మొదటి వాకిలి.

అక్కడ డ్యూటీలో ఒక పెద్దాయన ఉన్నాడు. తలపాగా, తెల్ల మీసాలు. ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే హైదరాబాద్ అని, దారిలో బుర్హాన్‌పూర్ వెళ్లామని చెప్పాను. ఆయన ఎప్పుడూ వెళ్లలేదట. మీర్జా రాజా అక్కడ పోయాడని మాత్రం చిన్నప్పటి నుంచీ వింటున్నానన్నాడు. నేను ఏం చెప్పాలా అనుకుంటుండగా మావాడు ఫోన్ తీశాడు. బుర్హాన్‌పూర్‌లో తీసిన ఫొటోలు ఒక్కొక్కటే చూపించాడు. అన్ని వైపుల నుంచీ తీశాడు. పైకప్పు లోపలి భాగం కూడా ఉంది, మేకలు కూడా ఉన్నాయి.

పెద్దాయన ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని, కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత మావాణ్ణి అడిగాడు. "నది ఎంత దూరం బేటా?"

"పక్కనే," అన్నాడు మావాడు వచ్చీరాని హిందీలో. "అక్కడ నిలబడితే నీళ్ల చప్పుడు వినిపిస్తుంది."